తాతయ్య పెట్టిన గుర్తులు

చెప్పులే దారి చూపే రోజులొచ్చాక విశాఖలో ఎవరూ దారి తప్పడం లేదు. అడుగు పక్కకు పడితే చాలు, మడమ కింద చురుక్కుమనిపించి సరిచేస్తాయవి. దారి వెతుక్కోవడంలో సరదా ఎలా ఉంటుందో చూడాలని, పెళ్లైన పదో రోజున మేదిని తన తాతయ్య వాడిన పాత జీపీఎస్‌ను అటక మీంచి దింపించింది. పొద్దుటినుంచీ కూర్చుని, అనంతగిరి కొండెక్కే దారికి ఒక్కో గుర్తూ తనే పెట్టుకుంది.

తీరా ఆ దారిని అందులో దాచబోతే, "చోటు లేదు. పాత దారి చెరపాలా?" అని అడిగిందది.

"చెరిపేయ్. ఆ దారంట ఇంకెవరు నడుస్తారు?" అన్నాడు భర్త చక్రధర్.

చెరిపేముందు ఒకసారి చూద్దామని తెరిచింది. వాగు, పనసచెట్టు, ఊట... ఐదో గుర్తు దగ్గర తాతయ్య రాసుకున్న మాట: "ఇక్కడ సుభద్ర అలిగింది. బతిమాలడానికి గంట పట్టింది."

సుభద్ర అంటే అమ్మమ్మ. ఇప్పుడిద్దరూ లేరు. మేదిని ఫక్కున నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తను పెట్టుకున్న కొత్త దారినే చెరిపేసింది.

ఆదివారం ఇద్దరూ చెప్పులు సంచిలో వేసుకుని, ఉత్తకాళ్లతో తాతయ్య దారినే కొండెక్కారు. ఐదో గుర్తు దగ్గర జీపీఎస్ కుయ్యిమనగానే మేదిని బండమీద చతికిలబడి మూతి ముడిచింది.

"ఏటైంది? ముల్లు గుచ్చుకుందా?" కంగారుపడ్డాడు చక్రధర్.

"అలిగాను. నీకు గంట టైముంది, మొదలెట్టు."