గరాజులో జ్యూరీ

ఈ దేశంలో విడాకుల గొడవకు జ్యూరీ ఉండదని లాయరమ్మ చెప్పింది. అంతా చూసేది ఒక్క జడ్జేనంది. ఆవిడ తెల్లావిడ. రోటోటూనా ఊళ్ళోని తెలుగు క్రైస్తవ సహవాసం సంగతి ఆవిడకేం తెలుసు?

ఆ జ్యూరీ శనివారం సాయంత్రం పాస్టరు షాలెంగారి గరాజులో కూర్చుంది. కారు బయటపెట్టి, కార్పెట్ పరిచి, ఆదివారాలు ప్రార్థన జరిపే గరాజే అది. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీల్లో పన్నెండుమంది పెద్దలు. వాళ్ళకు ఎదురుగా ప్రేమలీల. ఓ కుర్చీ ఎడంగా జోనథన్. సహవాసంలో అందరూ బ్రదర్లు, సిస్టర్లే. బయట వరసలు ఏవైనా చెప్పులతోపాటు గుమ్మం దగ్గర వదిలేసి రావాలి.

“ఇక్కడ ఎవరం తీర్పు తీర్చడానికి కూర్చోలేదు” అన్నారు పాస్టరుగారు, అందుకే కూర్చున్నవాళ్ళ మధ్యలో నిలబడి.

విడాకులు రావాలంటే రెండేళ్ళు విడిగా ఉండాలి. ముందు తేలాల్సింది పాప సంగతి. లోపల పాస్టరుగారింట్లో ఆడుకుంటున్న నాలుగేళ్ళ లవ్లీ ఎవరి దగ్గర పెరగాలన్నది సోమవారం కోర్టులో మొదలవుతుంది. జోనథన్ దేనికీ ఒప్పుకోవడం లేదు. విడిపోనంటాడు, పాపను ఇవ్వనంటాడు. అతను మంచి తండ్రి అని ఈ పన్నెండుమందీ వెళ్ళి చెబితే పాప ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. ప్రేమలీలకు కంటిమీద కునుకు లేనిది అందుకే.

“నేనేం తక్కువ చేశాను పాస్టరుగారూ?” జోనథన్ కర్చీఫ్ తీశాడు. “డబుల్ షిఫ్టులు చేసి ఇల్లు కొన్నా. సండే ఒక్కటంటే ఒక్కటి మిస్సయ్యానా? ఆ రోజు పొద్దున్నే ఇంటి వెనక డెక్ మెట్ల మీద మంచు, కాలు జారింది. అదీ నా మీదే పెడితే ఎలా?”

భోరుమన్నాడు. జోనథన్ ఏడుపు చాలా బాగుంటుంది. ఎవరికైనా గుండె కరుగుతుంది. ఆ ఏడుపుకు కరిగి ప్రేమలీల ఎన్నిసార్లు అన్నం కలిపి పెట్టిందో లెక్కలేదు.

“చెప్పండి సిస్టర్, మెట్ల మీద జారడమేనా?” అడిగారు పాస్టరుగారు.

“మెట్ల మీద జారితే మెడ మీద వేళ్ళ అచ్చులు పడతాయా బ్రదర్?”



ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఇన్నాళ్ళు పట్టింది. దెబ్బ తగిలినచోట పసుపు పట్టించి, కొంగు నిండా కప్పుకుని ప్రార్థనకు వెళ్ళి కూర్చోవడం ఆమెకు బాగా తెలిసిన విద్య. పని చేసేది రెస్ట్‌హోములో. అక్కడ ముసలివాళ్ళ ఒంటి మీద కొత్త మచ్చ కనబడితే వెంటనే నర్సుకు చెప్పాలి. ఇంట్లో మచ్చలకు అలాంటి రూలు లేదు.

“ఆ రోజు పాప డైనింగ్ టేబుల్ కింద దూరింది” అంది. “అంతా అయ్యాక తల బయటపెట్టి, ‘ఈజ్ డాడీ డన్?’ అని అడిగింది. ఏడవలేదు. అలవాటైపోయినట్టు అడిగింది. ఆ పిల్లను అక్కడ ఉంచకండి.”

పెద్దల్లో ఒకావిడ నిట్టూర్చింది. “మగాడన్నాక కోపం రాదా? మనం పడలేదా సిస్టర్? బయటపెట్టుకున్నామా?”

“పెట్టుకోలేదు. అదే తప్పయింది.”

జోనథన్ ఏడుపు ఆగింది. కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంటికి పద. అక్కడ మాట్లాడుకుందాం” అన్నాడు మెత్తగా.

ప్రేమలీలకు భయమేసింది. ఇంటికి వెళ్ళాలన్నా అతని కారులోనే వెళ్ళాలి. ఇల్లు అతని పేరు మీదుంది. ఆమె ఈ దేశానికి వచ్చిన వీసాకు స్పాన్సరు అతనే. ఇక్కడ ఆమెకు అతను తప్ప వేరే దిక్కు లేదు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. “బ్రదర్ జోనథన్ తరఫున కోర్టుకు వచ్చేవాళ్ళు చేతులెత్తండి.”

ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. ఒక్కటి తప్ప మిగతావి గబగబా లేచాయి. ప్రేమలీల చివరి కుర్చీలో ఉన్న ఆదాము వైపే చూస్తోంది. ఆదాముది ఆసుపత్రిలో వార్డు పని. ఆ రోజు ఎక్స్‌రేకి వీల్‌ఛెయిర్ తోసుకెళ్ళింది ఆయనే. మెడ మీద అచ్చులు కళ్ళారా చూసి, ‘దేవా’ అన్నదీ ఆయనే.

ఆదాము తల వంచుకునే చెయ్యెత్తాడు.

ప్రేమలీల లేచి గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంది. జోనథన్ కారు తాళాలు ఆడిస్తూ వెనకే వచ్చాడు. అతని వంక చూడలేదు ఆమె.

“నేను ఆ కారెక్కను. పోలీసులకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా పాప దగ్గర కూర్చుంటాను. సోమవారం కోర్టుకు వెళ్తాను. ఇక్కడ చెప్పిందే అక్కడా చెబుతాను.”

పాస్టరుగారు జాలిగా నవ్వారు. “ఇటు పన్నెండుమంది. అటు మీరొక్కరు. జడ్జి ఎవర్ని నమ్ముతాడు సిస్టర్?”

“ఆసుపత్రిలో పడున్న నా కోడలి మాటైతే కొట్టిపారేస్తాడేమో గానీ, కన్నకొడుకు మీద తల్లి చెప్పే సాక్ష్యం ఏ జడ్జి కొట్టిపారేస్తాడు బ్రదర్?” అంది ప్రేమలీల.