సారు నెత్తి నొప్పి

నెత్తిన జుట్టు నాటించుకునేవాళ్లెవరూ ఇప్పుడు నొప్పి పడరు. పడడానికి గవరమ్మ లాంటివాళ్లున్నారు. మెడ వెనక బిళ్ల అంటిస్తే చాలు, వాళ్ల నొప్పంతా వీళ్ల నెత్తికి దిగుతుంది. పది రోజులు మొయ్యాలి. నొప్పి తగ్గే మాత్ర మింగితే బిళ్ల పట్టేస్తుంది, పని ఊడుతుంది.

ఒక సారు నొప్పి మొయ్యడం మొదలెట్టిన మూడో రోజు పొద్దున్నే గవరమ్మ తల్లి పోయింది. నుదురు సలుపుతుంటే, నెత్తిలో సూదులు దిగుతుంటే, గవరమ్మకి తల్లి ముఖమే సరిగా ఆనలేదు. సారుకి ఫోన్ చేసింది.

“బాబూ, మాయమ్మ సచ్చిపోనాది. ఈ ఒక్క పూటా మీ నొప్పి మీరుంచుకోండి. అమ్మకోసం ఏడుసుకుంటాను.”

“అయ్యో పాపం. కానీ నాకు మధ్యాహ్నం మీటింగుందమ్మా.”

శవాన్ని తీసుకెళ్లాక ఇంట్లోవాళ్లంతా తలస్నానాలు చేశారు. చెంబుడు నీళ్లు నెత్తిన పడగానే గవరమ్మ కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కింటి పైడమ్మ వచ్చి వీపు నిమిరింది.

“కన్నతల్లి కదే. కడుపులో దాసుకోకు.”

గవరమ్మ తల అడ్డంగా ఊపింది.

“అమ్మకోసం కాదప్పా. ఈ ఏడుపు ఆ బాబుది. అమ్మకోసం ఏడవాలంటే ఇంకా వారం ఆగాల.”