స్తంభాలు లేని కప్పు

"ఆగు తాతా! కాళ్ళకి ఆ బురదేటి?"

కొత్త హైస్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ అప్పడు చెయ్యి అడ్డం పెట్టాడు.

మలయా స్వాతంత్ర్య దినం మెర్డెకాకి ఇంకా పది రోజులుంది. దోమలూ బురదా తప్ప ఏముందని అందరూ వెక్కిరించిన తెలుక్ ఆన్సన్ ఊరికి ఆ సాయంత్రం కౌలాలంపూర్ నుంచి కార్లొచ్చాయి. అంతా ఆ కప్పు కోసమే. అంత పెద్ద హాల్లో ఒక్క స్తంభం లేదు. బోర్లించిన పడవలా ఒకటే వంపు.

అప్పడికి ఆ బడంటే ప్రాణం. పొద్దున్నే తన తువ్వాలుతో గచ్చు తుడిచాడు.

"బాగన్ దాతో కొబ్బరితోట నుంచి వచ్చినాను బాబూ. లోపలికెళ్ళి ఒక్కపాలి కప్పు సూసి పోతాను."

"పత్రికుందా?"

"మాటతో పిలిచినాడు."

"ఎవుడు?"

"ప్లాను గీసిన కణ్ణన్ బాబు."

అప్పడు పకపకా నవ్వాడు. "ఇంగిలీసు సీమలో సదివొచ్చినాయన నిన్ను పిలిచినాడా? నన్ను మొన్న రాణీగారు టీకి పిలిచింది, తెల్దా?"

ముసలాయన కూడా నవ్వాడు.

"అడివిలో కమ్యూనిస్టుల గొడవని ఆరింటికే మా కూలీ లైన్ల కంచె గేటు మూసేత్తారు. ఈ బస్సు తప్పితే మిలిట్రీవోళ్ళు నన్ను ఇంటికి పోనివ్వరు. బేగి వదులు నాయనా."

"లోన పెద్దపెద్దోళ్ళు కూకున్నారు. గచ్చంతా పాడు సేత్తావు. నడు, నడు."

ముసలాయన గేటు బయటే నిలబడి మెడ పైకెత్తి చూశాడు.

"మొన్న గాలివానకి కదిలిందేటి?"

"రవ్వంత కూడా కదల్లేదు."

"లోపల సల్లగుందా?"

"ఫేను లేకుండానే సల్లగుంది. సీమ సదువంటే మరేటనుకున్నావు!"

"మంచిది."

బస్సు హారన్ కొట్టింది. ముసలాయన వెళ్ళి ఎక్కేశాడు.

కాసేపటికి కణ్ణన్ కత్తెర చేత్తో పట్టుకుని గేటుకి పరుగెత్తుకొచ్చాడు. లోపల రిబ్బను ముందు పెద్దలు గడియారాలు చూసుకుంటున్నారు.

"అప్పడూ, కూర్మయ్యగారు రాలేదా? సన్నగా ఉంటారు, ముసలాయన. రిబ్బను ఆయనే కత్తిరించాలి."

"బురదకాళ్ళ తాతేనా?" అప్పడి గొంతు తగ్గిపోయింది. "బస్సెక్కి ఎల్లిపోనాడండి. నేనే పొమ్మన్నాను."

కణ్ణన్ రోడ్డు వైపు చూశాడు. బస్సు పొగ కూడా చెదిరిపోయింది. ఆ చివర చెక్‌పోస్టు కర్ర దించేస్తున్నారు.

"ఆయనెవరండి బాబూ?"

"మూడు నెలలు తన అరుగు మీద కూర్చోబెట్టుకుని, కొబ్బరి ఈనెలతో ఈ కప్పు కట్టి నాకు చూపించిందాయనే తంబీ, నేను దాన్ని సిమెంటులో పోశాను, అంతే."