మూడో తూము దగ్గర కొర్రమీను

వానలు ముఖం చాటేసిన ఏడాది, కాలువలతో కలిసిన ఐదు చెరువుల్లో మొదటిది ఎండిపోసాగింది. కొర్రమీను తన ఎర్రెర్రని పిల్లల్ని వెంటేసుకుని ఐదో చెరువుకు బయల్దేరింది. అక్కడ నీళ్లు నిండుగా ఉన్నాయి. వెనకాల కాలువ ఇంకిపోతోంది.

తూము తూముకీ ఒక ఎండ్రకాయ కాపలా. మొదటిది పేరూ వంశమూ అడిగి, పిల్లల్ని చూసి, ఒక రహస్యపు మాట చెప్పించుకుని వదిలింది. రెండోదీ అంతే, దానికి ఇంకో మాట. మూడోది అడ్డం నిలబడి, "పోయినేడు నాకు చెప్పిన మాటేంటమ్మా?" అంది.

"మర్చిపోయాను నాయనా! మొదటి తూము అన్నకి నేను తెలుసు, అడుగు."

"ఆయన తూము ఆయనది, నా తూము నాది."

"మరి ఆయన వదిలిన ఈ నీళ్లని, గంగమ్మ తల్లిని, పేరూ ఊరూ అడిగే రానిస్తున్నావా?"

ఎండ్రకాయ తడబడింది. నువ్వు వదిలినవాళ్లేనా అని అడుగుతూ పెద్ద కాలితో రాతిమీద టక్కున కొట్టింది. మొదటి తూము నుంచి నీళ్లలో జవాబొచ్చింది. టక్, టక్!

"మనవాళ్లే! పదండమ్మా, పదండి పదండి!"

ఆ చప్పుడు వాళ్లకన్నా ముందే పరుగెత్తింది. నాలుగో తూము వాళ్లు రాకముందే తెరుచుకుంది. పిల్లలు ఎర్రటి మబ్బులా నిండు నీళ్లలోకి దూకాయి.

ఇంతలో నీళ్లపాము గట్టు దిగి మూడో తూము దగ్గరికి జరజరా వచ్చింది. "నేనూ ఆవిడ తాలూకే, బాబూ."

ఎండ్రకాయ ఈసారి పాము గురించి అడుగుతూ మళ్లీ రాయి కొట్టింది. ఎంతసేపు చూసినా మొదటి తూము పలకలేదు.

"తల ఇటు పెట్టకు మామా," అంది ఎండ్రకాయ, పెద్ద కాళ్లు రెండూ విప్పుతూ.