మొరగని సాయంత్రాలు

"కుక్కనన్న పంపించున్రి, ఇల్లన్న ఖాళీ చేయున్రి మేడం."

ఇంటి ఓనరు లింగస్వామి మెట్ల మీదే నిలబడి చెప్పాడు. ఇంద్రాణి తలుపు పట్టుకుని వింది.

"మా అమ్మ మొన్ననే దవాఖాన నుంచి ఒచ్చింది. పొద్దుగూకంగ జర కన్నంటుకుంటదో లేదో, మీది మొదలు పెడ్తది. నేనేం చేయాలె చెప్పున్రి."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

లక్కీ పగలంతా బుద్ధిగా పడుకునేది. సాయంత్రం మాత్రం కొత్తపేట రైతు బజారు వైపు నుంచి ఒక ముసలాయన చేతికర్రతో కుంటుకుంటూ వచ్చేవాడు. ఆయన సందు మలుపు తిరగగానే అది బాల్కనీ గ్రిల్ మీద కాళ్లేసి మొరుగుడు అందుకునేది. ఆయన తన దారిన తను పోవచ్చు కదా. పోడు. కింద నిలబడి పైకి చూసేవాడు. అది ఇంకా రెచ్చిపోయేది.

ఇంద్రాణి భర్త రాఘవేంద్ర ఆన్‌లైన్‌లో ఒక బెల్టు తెప్పించాడు. మెడకు కడితే, మొరిగినప్పుడల్లా గొంతుకు షాక్ కొడుతుంది.

"చిన్న షాకేలే. నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది" అన్నాడు.

"ఏది, నీ మెడకి కట్టుకో నాన్నా, చూద్దాం" అంది తేజస్విని. వానలో రోడ్డు మీద తడుస్తున్న లక్కీని ఇంటికి తెచ్చింది ఆ పిల్లే.

"అయితే దాన్ని ఎవరికిచ్చేద్దామో నువ్వే చెప్పు" అంది ఇంద్రాణి. "కుక్క ఉందంటే ఈ చుట్టుపక్కల మనకి ఇల్లెవరిస్తారే?"

తేజస్విని లక్కీని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బెల్టుతోనే లక్కీ మొరిగింది. మరుక్షణం కుయ్యిమంటూ వెనక్కి పడింది.

లేచి మళ్లీ గ్రిల్ దగ్గరికి పోయి మొరిగింది. మళ్లీ పడింది.

పడుతూ, లేస్తూ, మొరుగుతూనే ఉంది. ఇంద్రాణి చూడలేక వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

ఇంతలో బెల్ మోగింది.

తలుపు తీస్తే ఆ ముసలాయనే. మెట్లెక్కిన ఆయాసంతో గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, దాని మెడకు ఏందమ్మా అది?"

"మొరగకుండా కట్టాం. మీరొచ్చి కింద నిలబడబట్టే కదండీ ఇదంతా."

ఆయన తల దించుకున్నాడు.

"కరెంటు కొడ్తుందా?"

"కొంచెమే. అయినా మీకెందుకండీ? కుక్కంటే భయమా? అలాగైతే అటు మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లొచ్చు కదా."

లోపలి నుంచి బాల్కనీ తలుపును గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కాసేపు అటే చూశాడు.

"భయమేనమ్మా" అన్నాడు చివరికి. "రేపటి సంది ఈ సందుల రాను. నేను రాకుంటే అది మొరగది. బెల్టు తీసెయ్యున్రి, మీకు పుణ్యముంటది."

"సరే, తీస్తాం లెండి."

ఆయన ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. లక్కీ మొరగలేదు.

"చూశావా, బెల్టు ఎలా పనిచేసిందో" అన్నాడు రాఘవేంద్ర. తీస్తే మళ్లీ మొదలెడుతుందేమోనని దాన్ని అలాగే ఉంచేశారు. లింగస్వామి ఎదురుపడితే నవ్వుతున్నాడు. ఇల్లు నిలిచింది.

లక్కీ మాత్రం రోజూ ఆ వేళకు గ్రిల్ దగ్గరికి వెళ్లి కూర్చునేది. చీకటి పడ్డాక వచ్చి మూల పడుకునేది. మెల్లగా తిండి మానేసింది. పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. ఎల్బీ నగర్లో పశువుల డాక్టరుకు చూపిస్తే జబ్బేమీ లేదన్నాడు.

ఇంద్రాణి అనుమానం ఆ ముసలాయన మీదికి పోయింది. కోపంతో ఏదైనా తినిపించాడేమో. రాయితో కొట్టాడేమో. రైతు బజారులో ఆకుకూరలమ్మే కిష్టమ్మ దగ్గర ఆయన కూర్చుని ఉండగా ఒకసారి చూసిన గుర్తు. సంచీ పట్టుకుని బయలుదేరింది.

"కర్ర పట్టుకుని కుంటుతూ ఉంటాడే, ఆయన ఎక్కడుంటాడు?"

"అంతయ్యనా?" కిష్టమ్మ తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతూ ఆగింది. "పోయిండమ్మా. పోయిన నెల. కాలికి పుండయి దవాఖానల పడె, మల్ల లేవలె."

ఇంద్రాణికి వెంట తెచ్చుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"అయ్యో. మా సందులోంచే వెళ్లేవాడు. మా కుక్కంటే భయమని రావడం మానేశాడు."

"మీదేనా, గా మెడకు బెల్టున్న కుక్క?" కిష్టమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "కొన్ని రోజులు మూల మీది దుకాణం చాటుకెళ్లి చూసొస్తుండె. బెల్టు ఇంక తియ్యలేదే కిష్టమ్మా అని పరేషానయితుండె."

కిష్టమ్మ ఇంకో కట్ట మీద నీళ్లు చల్లింది.

"మంచంల పడ్డంక, ఒక్కసారి ఆ సందుకు తీస్కపో అన్నడు. ఆటో గూడ మాట్లాడిన. ఎక్కే ముంగట మల్ల ఆయననే వద్దన్నడు."

"ఎందుకు?"

"నేను కనబడ్తె అది మొరుగుతది, మొరిగితె దానికి కరెంటు కొడ్తది అన్నడు."

ఇంద్రాణి సంచీ కింద పెట్టి కిష్టమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఆయనకేమవుతుంది అది?" అంది.

కిష్టమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పండ్ల మార్కెట్ల తల్లి లారీ కింద పడి సచ్చిపోతె, కండ్లు తెరవని గా కుక్కపిల్లను అంగి లోపల పెట్టుకొని, వానల తప్పిపోయేదాక సాకింది అంతయ్యనే గదమ్మా."