ఎడమ డోరులో గరగర

"మళ్లీ అదే గరగర," అన్నాడు నిలేష్.

అల్తమష్ కారులో మోగుతున్న పాట ఆపకుండానే వంగి ఎడమ డోరుకు చెవి ఆనించాడు.

సిరొంచలో కార్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించేది అతనొక్కడే. నిలేష్‌కు అహేరిలో బట్టల దుకాణం. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది కింది మోడల్. పై మోడల్‌కు కంపెనీ వాళ్లే ఇచ్చే సౌండ్ సిస్టమ్‌ను విడిగా సంపాదించి తెచ్చి, దీనికి బిగించమన్నాడు.

అల్తమష్ సీట్లు విప్పాడు. డోరు అట్టలు ఊడదీశాడు. పాత స్పీకర్ల చోట కొత్తవి కూర్చోబెట్టాడు. డిక్కీలో యాంప్లిఫయర్ పెట్టి, ఒక్క వైరు కూడా కోయకుండా కంపెనీ సాకెట్లకే కలిపాడు. బయటి చప్పుడు లోపలికి రాకుండా రెండు డోర్లలోనూ మందపాటి షీట్లు అతికించాడు. చివరికి ల్యాప్‌టాప్ తగిలించి, కారు కంప్యూటర్ కొత్త సిస్టమ్‌ను గుర్తుపట్టేలా చేశాడు.

అంతా కుదిరింది, ఆ గరగర తప్ప.

"డోరు ఖరాబ్ చేసినవా భాయ్?"

"లేదు సేఠ్. లోపల ఏదో క్లిప్పు వదులైంది. బండి నిలబెట్టి ఇంటే దొరకది. గతుకుల రోడ్డు మీద సౌండ్ పెంచి నడిపితే ఎక్కడ్నో తెలుస్తది."

"తెల్వకపోతే?"

అల్తమష్ పక్క సీటెక్కి డోరేసుకున్నాడు. ఇంత ఖరీదైన కారు అతని చేతిలో చెడిందని పేరొస్తే, అహేరి నుంచి ఇంకెవరూ గడప తొక్కరు.

పాతగూడెం రోడ్డెక్కారు. నిన్నంతా కురిసిన వాన పొద్దున్నే తెరిపిచ్చింది. నిలేష్ అద్దాలెత్తి, సౌండ్ పూర్తిగా పెంచాడు. పక్క సీట్లో అల్తమష్ కళ్లు మూసుకుని, చెవి డోరుకే అప్పగించి కూర్చున్నాడు. బయటి లోకం వాళ్లకు వినబడటం లేదు.

"దొరికిందా?"

"జర మెల్లగ పోనియ్యి సేఠ్."

నిలేష్ ఇంకా వేగం పెంచాడు.

దూరంగా రోడ్డుకు అడ్డంగా ఒక చెట్టు కొమ్మ. దాని ముందు తువ్వాల ఊపుతూ, యాభై దాటిన మనిషి.

"గణపతి చందా," అన్నాడు నిలేష్ విసుగ్గా. "ఏడాదేడాది గిదే లొల్లి."

కొమ్మ పక్కన కారు పట్టేంత సందు ఉంది. నిలేష్ అటు తిప్పాడు.

ఆ మనిషి కూడా అటే పరుగెత్తుకొచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

నిలేష్ బ్రేకు తొక్కాడు. కారు బురదలో జారి, ఆయన మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన రెండు చేతులతో బానెట్ మీద కొట్టాడు. నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు.

నిలేష్ అద్దం కొంచెం దించి ఒక నోటు బయటికి చాపాడు. ఆయన దానివైపు చూడనైనా లేదు. మళ్లీ బానెట్ మీద కొట్టాడు.

నిలేష్ దిగాడు.

"తాగినవా? బండి కింద పడి సచ్చెటోనివి."

ఆయన ఏదో చెప్పబోయాడు. గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. ఆయన నిలేష్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయాడు.

నిలేష్ ఆయన్ను చెంప మీద కొట్టాడు.

ఆయన బురదలో కూలబడ్డాడు. లేచాడు. మళ్లీ వచ్చి కారు ముందే నిలబడ్డాడు.

అల్తమష్ పాట ఆపేసి దిగాడు.

"సేఠ్, జర ఆగుండ్రి." దగ్గరికి వెళ్లి అడిగాడు. "ఏంది కాకా, ఏం జెప్తున్నవు?"

ఆయన అతని చెవి దగ్గరికి నోరు తెచ్చాడు.

"ముంగట తొవ్వ లేదు బిడ్డా."

అల్తమష్ కొమ్మ దాటి నడిచాడు. రోడ్డు అక్కడ కొంచెం ఎత్తెక్కుతుంది. ఎత్తు మీదికి వెళ్లి ఆగిపోయాడు.

కల్వర్టు లేదు. తారు అంచు విరిగి గాలిలో వేలాడుతోంది. కింద ఎర్రటి వరద సుడులు తిరుగుతోంది.

చెయ్యెత్తి నిలేష్‌ను పిలిచాడు. నిలేష్ వచ్చి చూశాడు. అంచు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆయన్ని కొట్టిన భాయ్," అన్నాడు.

వెనక్కి తిరిగారు. సిరొంచ వైపు నుంచి లారీ ఒకటి వస్తోంది. ఆయన అప్పటికే తువ్వాల ఊపుతూ దానికి ఎదురు పరుగెత్తుతున్నాడు.

దిగువన వాగులో నడుముకు తాళ్లు కట్టుకుని కొందరు వెదుకుతున్నారు. ఒడ్డున ఒకామె నిలబడి ఉంది. అల్తమష్ ఆమె దగ్గరికి దిగాడు. నిలేష్ వెనకే వచ్చాడు.

"ఏం దేవులాడుతున్నరు అక్కా?"

"మా ఊరి పిలగాడు. పొద్దుగాల మోటర్ సైకిల్ మీద పాతగూడెం పోతుండె. తొవ్వ మీది మోరి కొట్టుకపోయిందని ఎరుకలేదు. గీ వాగుల పడ్డడు."

"దొరికిండా?"

"బండి దొరికింది. ఈత వచ్చినోళ్లందరు దిగిండ్రు."

నిలేష్ గొంతు సవరించుకున్నాడు.

"రోడ్డు మీద మమ్ముల ఆపిన కాకా ఎవరక్కా? ఆయనకు మాఫీ చెప్పాలె."

"రాజం మామనా?" ఆమె నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు. "పొద్దుటిసంది ఒర్రి ఒర్రి గొంతు పోయింది. ఇగ నువ్వు ఈ ఒడ్డుకు రా మామా అంటే ఇంటలేడు, నేనొస్తే బండ్లను ఎవరు ఆపుతరు అంటుండు."

"ఇంకెవరినన్న నిలబెట్టరాదు?"

"మేమూ అదే అన్నం తమ్మీ. నీళ్లల్ల ఉన్నది ఆయన కొడుకు."