బదులొచ్చిన మనిషి

లాంచీ చప్పుడు వినపడగానే జయంత్ తింటున్న కంచం వదిలేసి ఓడ అంచుకి పరిగెత్తాడు.

బియ్యం బస్తాతో పాటు ఎవరో ముసలాయన నిచ్చెన పట్టుకుని పైకెక్కుతున్నాడు.

“నీ బదులు మనిషి దొరికాడు బావా! బట్టలు సర్దుకో!” కింద లాంచీలోంచి అరిచాడు షిప్పింగ్ ఏజెంటు గుమాస్తా గవర్రాజు.

జయంత్ వెంటనే నమ్మలేదు. నమ్మి నమ్మి మోసపోయిన ప్రాణం మరి.

ఓడ యజమాని అప్పులు తీర్చలేక చేతులెత్తేశాడు. గొడవ కోర్టుకెక్కింది. ఓడ కదలకూడదని కోర్టువారన్నారు. లంగరేసిన ఓడని మనిషి లేకుండా వదలకూడదని పోర్టువారన్నారు. తోటివాళ్ళంతా తలో సాకూ చెప్పి దిగిపోతే, నోట్లో నాలుక లేని జయంత్ కాపలాకి మిగిలిపోయాడు. ఇంకో నావికుడు బదులుగా వస్తే తప్ప అతనికి నేల మీద కాలు పెట్టే యోగం లేదు.

జైలైతే నయం. ఫలానా రోజు వదుల్తామని చెబుతారు.

పైగా ఊరు కళ్ళెదుటే కనపడుతూ ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు. ఆ కొండకి అవతల, గాజువాకలో, నెలలు నిండిన కీర్తన ఒక్కతే ఉంది.

“బీపీ తగ్గట్లేదంట. ఆపరేషన్ సేత్తారంట. నువ్వెప్పుడొత్తావు?” అని నిన్ననే ఫోన్లో ఏడ్చింది. “మా పాస్టరు అయ్యగారు రోజూ నీ కోసం ప్రార్థన సేత్తన్నారు.”

“ఆయనకేటి, ఒడ్డున కూకోని ఎన్నైనా సేత్తారు!” అని విసుక్కున్నాడు జయంత్.

ఆ అయ్యగారెవరో, ఆ చర్చి సంఘం ఎక్కడుందో అతనికి తెలీదు. పెళ్ళయిన కొత్తలోనే ఓడెక్కేశాడు. కీర్తన గాజువాకలో గది తీసుకుంది ఆ తరవాతే.

ముసలాయన ఆయాసపడుతూ పైకొచ్చాడు. నెరిసిన గెడ్డం, చేతిలో గుడ్డసంచి.

“భోంచేత్తన్నావా బాబూ? కానియ్యి, తొందరేటి?”

తొందరేటట!

“లాంచీ ఎల్లిపోద్దండి,” అన్నాడు జయంత్, బట్టలు బ్యాగులో కుక్కుతూ.

“ఆగుతాది. నాను సెప్పాను.” ముసలాయన అటూ ఇటూ చూశాడు. “నీళ్ళకి ఇబ్బందేటి లేదు గదా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది జయంత్ పని. ట్యాంకు ఎప్పుడో అడుగంటింది. తుప్పునీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగుతున్నాడు.

“బోల్డు నీళ్ళండి.”

“కరెంటు?”

“ఉంటాదండి.”

జనరేటరు మూలిగి మూలిగి మొన్ననే ఆగిపోయింది.

“కోర్టు పని ఎప్పటికి తెములుతాదంటావు?”

“ఎంతండీ, పది రోజులు. మహా అయితే పదేను.”

ఏడాదికి కూడా తెమలదని లాయరు చెప్పిన మాట గొంతులోనే నొక్కేశాడు. నిజం తెలిస్తే ఈయన ఇదే లాంచీలో వెనక్కి పోడూ? అప్పుడు కీర్తన గతేమిటి? తన మెడలో ఉచ్చు తీసి ముసలాయన మెడకి తగిలిస్తున్నానని జయంత్‌కి తెలుస్తూనే ఉంది. సిగ్గేసింది. అయినా చేతులు ఆగలేదు.

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు.

“మంచిదే మరి,” అన్నాడు.

తాళాలు ఇచ్చేశాడు జయంత్. పేరడగలేదు. పేరడిగితే ఊరడగాలి, ఊరడిగితే చుట్టరికం కలుస్తుంది, చుట్టరికం కలిశాక అబద్ధం నిలవదు. దిగేవాడు ఎక్కేవాడికి చెయ్యి కలిపి దిగడం ఓడ మర్యాద. అదీ చెయ్యలేదు.

అతని బ్యాగుని తాడు కట్టి లాంచీలోకి దింపింది ముసలాయనే.

“ఎల్లిరా బాబూ. ఇంటిదాన్ని జాగర్తగా సూసుకో.”

జయంత్ వెనక్కి తిరిగి చూడలేదు.

“ఎక్కడ పట్టేవు ఈయన్ని?” లాంచీలో గవర్రాజుని అడిగాడు.

“నాను పట్టడమేటి బావా! ఆయనే ఆపీసుకొచ్చి కూకున్నాడు. ఒకప్పుడు ఓడల్లో సేసేడంట.”

పాపం, కూటికి లేక వచ్చాడేమోనని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు జయంత్.

మర్నాడే కీర్తనకి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కీర్తన అతని చెయ్యి వదలకుండా థియేటర్ గుమ్మం దాకా వెళ్ళింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదన్నారు డాక్టరమ్మ.

సంతోషంతో ఎగిరి గంతెయ్యాల్సినవాడు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే మాత్రం గుటక దిగేది కాదు. ముసలాయన సంగతి కీర్తనకి కూడా చెప్పుకోలేకపోయాడు.

ఇక ఉండబట్టలేక, నీళ్ళ క్యాన్లు ఆటోలో వేసుకుని జెట్టీకి వెళ్ళాడు.

“అల్పపీడనం బావా. లాంచీలు ఆపీసారు,” అన్నాడు గవర్రాజు. “మళ్ళీ ఎప్పుడు ఎల్తాయో ఏటో!”

దూరంగా ఓడ అలల మీద పడుతూ లేస్తూ ఉంది. అప్పుడు ఓడలో చిక్కుకుని ఒడ్డుకేసి చూసేవాడు. ఇప్పుడు ఒడ్డున చిక్కుకుని ఓడకేసి చూస్తున్నాడు.

లాంచీలింకా తిరగట్లేదు. కీర్తన కాస్త కోలుకోగానే, బిడ్డని అయ్యగారి చేతుల్లో పెట్టి ప్రార్థన చేయించాలని పట్టుబట్టింది. ఆదివారం ఇద్దరూ గాజువాకలో ఆ సంఘం కూడే రేకుల షెడ్డుకి వెళ్ళారు.

బిడ్డని అందుకోడానికి సంఘపెద్ద తవిటయ్య ముందుకొచ్చాడు.

“అయ్యగారేరండీ?” అడిగింది కీర్తన.

తవిటయ్య చాచిన చేతులు దించేశాడు. “నీకు తెలవనియ్యొద్దన్నారమ్మా.” తరవాత జయంత్ వైపు తిరిగాడు.

“ఆ ఓడలో తాగడానికి నీళ్ళు లేవనీ, కోర్టు గొడవ ఏడాదికీ తెమలదనీ అన్నీ కనుక్కునే ఎల్లేరు బాబూ. కాళ్ళు పట్టుకుని వద్దన్నా మా అయ్యగారు వినలేదు, నీ సోటుకి తానే ఎల్లిపోనారు.”